వెబ్‌సైటుకు పరీక్ష

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన ఒక గ్రామీణ విద్యార్థిని ఉపకారవేతనం కోసం దరఖాస్తు చేయదలచి ఒక విశ్వవిద్యాలయపు వెబ్‌సైటును తెరిచిందనుకొందాం. తెరపై పరిపాలన, విద్యావిషయాలు, ప్రకటనలు, ఉత్తర్వులు, విద్యార్థి సంక్షేమం, డౌన్‌లోడ్లు అంటూ రెండు డజన్ల లింకులు వరుసగా కనిపిస్తాయి. ఆమె 'ప్రకటనలు' తెరుస్తుంది. అందులో టెండర్ల వివరాలున్నాయి. వెనక్కు వచ్చి 'డౌన్‌లోడ్లు' తెరుస్తుంది. అక్కడ ఉద్యోగుల సెలవు పత్రాలున్నాయి. మరో నాలుగైదు పేజీలు తిరిగి, పావుగంట గడిచాక, "నాకు కంప్యూటరు సరిగా రాదు" అనుకొని ఆ ప్రయత్నాన్ని విరమించుకుంటుంది. ఆమెకు కావలసిన దరఖాస్తు ఆ వెబ్‌సైటులో లేకపోలేదు. 'ఉత్తర్వులు' అనే పేజీలో 'ఆర్థిక సహాయ పథకములు' అనే శీర్షిక కింద అది భద్రంగానే ఉంది. ఉన్నదానికి దారి లేదు, అంతే. గడువు తేదీ దాటిన తరువాత ఆ లోపం ఎవరిదో విచారించేవారు ఉండరు. ఆమె కూడా దానిని తన అజ్ఞానంగానే భావించి ఊరుకుంటుంది.

ఇటువంటి లోపాన్ని ముందుగా పసిగట్టడానికి ఏర్పడినదే వినియోగ సౌలభ్య పరీక్ష. ఒక వస్తువును నిర్దిష్టమైన వినియోగదారులు, నిర్దిష్టమైన సందర్భంలో, నిర్దిష్టమైన లక్ష్యాల కోసం ఉపయోగించినప్పుడు పని ఎంతవరకు నెరవేరింది, ఎంత శ్రమతో నెరవేరింది, వారికి ఎంత తృప్తి కలిగింది అనే మూడు అంశాలే వినియోగ సౌలభ్యానికి కొలమానాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో నిర్వచించింది. 2018లో సవరించిన నిర్వచనంలోనూ ఈ మూడూ నిలిచే ఉన్నాయి. పరీక్ష అనగానే విద్యార్థులకు తమ పరీక్షలే గుర్తుకు రావడం సహజం. కాని ఇక్కడ పరీక్షకు కూర్చునేది మనిషి కాదు, వెబ్‌సైటు. మనిషి దారి తప్పితే మార్కులు తగ్గవలసింది వెబ్‌సైటుకే. ఈ ఒక్క విషయం మనసుకు పట్టించుకొన్నవారు పరీక్షను సగం సరిగా నిర్వహించినట్లే.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్‌కు మూలసూత్రం లింకు. ఏ పేజీ నుంచైనా ఏ పేజీకైనా వెళ్ళవచ్చు. పుస్తకంలో ఒక పుట తరువాత మరొక పుట వస్తుంది. వెబ్‌సైటులో అటువంటి వరుస లేదు. ఈ స్వేచ్ఛ వల్లనే పాఠకుడు తానెక్కడ ఉన్నాడో, ఎటు వెళ్ళాలో, వచ్చిన దారిన తిరిగి ఎలా పోవాలో తెలియక తికమకపడతాడు. మెనూలు, శీర్షికలు, లింకుల పేర్లు, వెనక్కు తీసుకువెళ్ళే గుర్తులు అన్నీ కలిసి అతనికి దారి చూపుతాయి. ఈ ఏర్పాటునే నావిగేషన్ అంటారు. పీటర్ పిరోలీ, స్టూవర్ట్ కార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1990లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో మనుషులు సమాచారాన్ని వెతికే తీరును అధ్యయనం చేసి, అది జంతువులు మేతను వెతికే తీరును పోలి ఉంటుందని సిద్ధాంతీకరించారు. మృగం వాసన పట్టి ముందుకు సాగినట్లే మనిషి లింకు పేరులోని సూచనను బట్టి ముందడుగు వేస్తాడు. వాసన చిక్కబడుతున్నంతసేపు నడుస్తాడు, సన్నగిల్లితే వెనుదిరుగుతాడు. నావిగేషన్ పరీక్ష ఈ వాసన ఎక్కడ తెగిపోయిందో కనిపెట్టే ప్రయత్నమే.

పరీక్షలో పాల్గొనే వ్యక్తికి కొన్ని కృత్యాలు ఇస్తారు. ఒక్కొక్క కృత్యం ఒక్కొక్క పని: ఫలానా సమాచారం కనుక్కోవడమో, ఫలానా దరఖాస్తు దగ్గరకు చేరడమో. అతడు వెబ్‌సైటులో ఆ పని చేస్తుంటే పరిశీలకుడు పక్కన కూర్చొని గమనిస్తాడు. చెప్పడానికి ఇంత తేలికైన ఈ వ్యవహారంలో చిక్కంతా కృత్యాలను తయారుచేయడంలోనే ఉంది. కృత్యం సరిగా లేకపోతే పరీక్ష జరిగినట్లే కనిపిస్తుంది. లోపం మాత్రం బయటపడదు. పరీక్షే జరగకపోవడం కంటే ఇది ప్రమాదకరం. ఎందుకంటే, "పరీక్షించాం, అంతా సవ్యంగా ఉంది" అనే ధీమా కార్యాలయానికి కలుగుతుంది.

మొదట, ఏ పనులను కృత్యాలుగా ఎంచుకోవాలి? చాలామంది వెబ్‌సైటు మెనూను ఎదుట పెట్టుకొని ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క కృత్యం రాస్తారు. ఇది గుర్రానికి ముందు బండిని కట్టడమే. మెనూను కార్యాలయం తన శాఖల విభజనను బట్టి తయారుచేసుకొని ఉంటుంది. వచ్చే మనిషికి శాఖలతో నిమిత్తం లేదు, తన అవసరంతోనే నిమిత్తం. కాబట్టి కృత్యాలు జనుల అవసరాలలోనుంచి పుట్టాలి. కార్యాలయానికి వచ్చే ఫోన్లలో ఎక్కువగా అడిగే ప్రశ్నలేమిటి, విచారణ కిటికీ దగ్గర నిలబడినవారు ఏమని అడుగుతున్నారు, సెర్చ్ పెట్టెలో జనం టైపు చేస్తున్న మాటలేవి అని ఆరా తీస్తే అసలైన పనుల జాబితా దొరుకుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం అంతకుముందున్న డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు వెబ్‌సైటుల స్థానంలో 2012 అక్టోబరు 17న గవ్.యూకే అనే ఒకే వెబ్‌సైటును ప్రవేశపెట్టినప్పుడు, దానిని నిర్మించిన బృందం తన నియమావళిలో మొదటి సూత్రంగా పెట్టుకొన్నది వినియోగదారుల అవసరాలతో ప్రారంభించడమే. జాబితాలోనుంచి తరచుగా జరిగే పనులను, అరుదైనవే అయినా విఫలమైతే ఎక్కువ నష్టం కలిగించే పనులను ఎంచుకోవాలి. కళాశాల చిరునామా దొరకకపోతే కొంత చికాకు. ఫీజు చెల్లింపు గడువు దొరకకపోతే ఒక సంవత్సరం పోతుంది.

ఎంచుకొన్న పనిని మాటలలో పెట్టడం తరువాతి ఘట్టం. ఇక్కడే ఎక్కువ పరీక్షలు దెబ్బతింటాయి. అమెరికాకు చెందిన వినియోగ సౌలభ్య పరిశోధకుడు జారెడ్ స్పూల్ ఐకియా సంస్థ వెబ్‌సైటు గురించి చెప్పిన అనుభవం ఈ రంగంలో ప్రసిద్ధం. ఐకియా గృహోపకరణాల సంస్థ. భారతదేశంలో తన తొలి దుకాణాన్ని 2018లో హైదరాబాదులోనే తెరిచింది. ఆ వెబ్‌సైటును పరీక్షించేటప్పుడు మొదట 'పుస్తకాల బీరువాను కనుక్కోండి' అన్న అర్థంలో కృత్యం ఇచ్చారు. పాల్గొన్నవారు సెర్చ్ పెట్టెలో ఆ మాటనే టైపు చేసి, వెంటనే దానిని చేరుకొన్నారు. తరువాత కృత్యాన్ని మార్చి, ఇంట్లో రెండు వందలకు పైగా పుస్తకాలు పెట్టెలలో పడి ఉన్నాయి, వాటిని సర్దుకొనే మార్గం చూడండి అన్నారు. అప్పుడు వారి నడవడి మారిపోయింది. లింకులు ఒక్కొక్కటిగా చదివారు, విభాగాలు తిరిగారు, సెర్చ్ పెట్టెలో వేరే మాటలు టైపు చేశారు. వెబ్‌సైటు అదే, మనుషులు అటువంటివారే. మారినది కృత్యంలోని మాట మాత్రమే. మొదటి కృత్యంలో జవాబు ప్రశ్నలోనే దాగి ఉంది. వెబ్‌సైటులో ఏ మాట ఉన్నదో ఆ మాటనే కృత్యంలో వాడితే పాల్గొనేవాడు ఆలోచించడు, అక్షరాలను పోల్చుకుంటాడు. అది నావిగేషన్ పరీక్ష కాదు, చూచిరాత.

తెలుగు వెబ్‌సైటులకు ఈ నియమం మరింత వర్తిస్తుంది. ఒకే కాగితానికి అర్జీ, దరఖాస్తు, విజ్ఞాపన, అప్లికేషన్ అని నాలుగు పేర్లున్న భాష మనది. ప్రభుత్వ వెబ్‌సైటులో 'కుల ధ్రువీకరణ పత్రము' అని ఉంటుంది. జనం నోట 'క్యాస్ట్ సర్టిఫికెట్' అని పలుకుతుంది. "కుల ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు చేసే పేజీని కనుక్కోండి" అని కృత్యం రాస్తే అందరూ నెగ్గుతారు. దానికి బదులు, "మీ చెల్లెలిని హాస్టల్లో చేర్చడానికి వెళ్ళారు. మీరు ఏ కులానికి చెందినవారో తెలిపే ప్రభుత్వ కాగితం తెస్తేనే సీటు ఇస్తామన్నారు. ఆ కాగితం ఎలా సంపాదిస్తారు?" అని అడిగితే 'ధ్రువీకరణ' అన్న మాట ఎంతమందిని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నదో తెలిసివస్తుంది. సంస్కృత పదాన్ని తొలగించాలా, ఉంచాలా అన్నది వాదానికి సంబంధించిన విషయం కాదు. కూర్చోబెట్టి చూస్తే తేలిపోయే విషయం. అయితే సూటి మాటను తప్పించాలన్న ఉత్సాహంతో కృత్యాన్ని పొడుపుకథగా మార్చకూడదు. పాల్గొనేవాడికి పని ఏమిటో స్పష్టంగా అర్థం కావాలి. దారి మాత్రం చెప్పకూడదు. కిష్కింధలో సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకు పంపుతూ మాసం గడువు పెట్టాడు, పోవలసిన పర్వతాలను, నదులను వరుసగా వర్ణించాడు. సీతాన్వేషణకు ఆ వర్ణన అవసరమే. కృత్యాన్ని రాసేవాడు మాత్రం లక్ష్యాన్ని చెప్పి, పర్వతాలను, నదులను తనలోనే దాచుకోవాలి.

సన్నివేశం పాల్గొనేవాడి జీవితానికి దగ్గరగా ఉండాలి. పెళ్ళికాని పద్దెనిమిదేళ్ళ యువకుణ్ణి 'మీ మనుమడి జనన ధ్రువపత్రం కోసం' వెతకమంటే అతడు నటిస్తాడే తప్ప వెతకడు. రెండు మూడు వాక్యాలకు మించిన సన్నివేశం కూడా పనికిరాదు. చదివేలోపే అసలు పని మరుగునపడుతుంది. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వంటి సొంత వివరాలు నింపవలసిన పేజీలుంటే పరీక్ష కోసం కల్పించిన వివరాలను ముందే కాగితంపై రాసి ఇవ్వాలి. ఒకరి సొంత వివరాలను అడిగే హక్కు పరిశీలకుడికి లేదు.

కృత్యంతో పాటు, అది ఎప్పుడు నెరవేరినట్లో కూడా ముందుగానే రాసిపెట్టుకోవాలి. ఫలానా పేజీకి చేరడమా? ఆ పేజీలోని ఫలానా తేదీని చెప్పడమా? రెండవదే మేలు. పేజీకి చేరి కూడా తేదీని చూడనివారు ఉంటారు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. తప్పు పేజీకి చేరి, అదే సరైనదని నమ్మి, "దొరికింది" అని సంతోషించేవారుంటారు. రామాయణంలో హనుమంతుడు రావణాంతఃపురంలో మండోదరిని చూసి సీత అనుకొని ఒక్క క్షణం ఆనందించాడు. రాముణ్ణి ఎడబాసిన సీత ఇలా నిద్రించదని తర్కించుకొని తన భ్రమను తానే దిద్దుకొన్నాడు. వెబ్‌సైటులో దారి తప్పిన సామాన్యుడికి అంత తర్కించే తీరిక ఉండదు. గత సంవత్సరపు ఫీజు పట్టికను ఈ సంవత్సరానిదిగా నమ్మి వెళ్ళిపోతాడు. ఓడిపోయానని తెలిసినవాడు మరొకరిని అడుగుతాడు. గెలిచానని భ్రమపడినవాడు ఎవరినీ అడగడు. కాబట్టి ఇటువంటి మిథ్యాసాఫల్యాన్ని వైఫల్యం కంటే తీవ్రమైన లోపంగా నమోదు చేయాలి.

ప్రతి కృత్యం ఏ పేజీ నుంచి మొదలవుతుందో నిర్ణయించాలి. సాధారణంగా హోమ్ పేజీ నుంచి మొదలుపెడతారు. సెర్చ్ పెట్టెను వాడనివ్వాలా వద్దా అన్నది పరీక్ష ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. మెనూల బాగోగులనే తెలుసుకోవాలంటే దానిని వద్దనవచ్చు. కాని సహజమైన నడవడి చూడాలంటే వద్దనకూడదు. కృత్యాల వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. మొదటి కృత్యంలో తిరిగిన పేజీలు గుర్తుండి, నాలుగో కృత్యం సులభమైపోతుంది. అందుకే ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుసలో ఇస్తారు. ఐదు కృత్యాలుంటే మొదటివారికి ఒకటితో, రెండవవారికి రెండుతో, ఇలా చక్రంలా తిప్పితే ఏ కృత్యమూ ఎల్లప్పుడూ చివరనే పడదు.

ఎంతమందితో పరీక్షించాలి? జాకబ్ నీల్సన్, టామ్ లాండౌయర్ 1993లో ప్రకటించిన లెక్క ప్రకారం, వారు పరిశీలించిన ప్రాజెక్టులలో ఒక వ్యక్తి సగటున 31 శాతం లోపాలను బయటపెట్టాడు. రెండవ వ్యక్తి బయటపెట్టేవాటిలో కొన్ని మొదటివాడు చూపినవే అవుతాయి. ఇలా లెక్కిస్తూ పోతే ఐదుగురితో సుమారు 85 శాతం లోపాలు తెలుస్తాయని 2000లో నీల్సన్ రాశారు. పదిహేనుమందితో ఒకేసారి పరీక్షించే బదులు ఐదుగురితో పరీక్షించి, దిద్ది, మళ్ళీ ఐదుగురితో పరీక్షించడం మంచిదని ఆయన సలహా. ఈ లెక్కను గుడ్డిగా పట్టుకోరాదు. లోపాలు కనిపించే రేటు వెబ్‌సైటును బట్టి, కృత్యాన్ని బట్టి మారుతుంది. పైగా ఐదుగురూ ఒకే తరహా వినియోగదారులు కావాలి. భూమి సాగు వివరాల దస్తావేజును ఆంధ్ర ప్రాంతంలో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు. 'అడంగల్' అన్న లింకును గుంటూరు రైతులు ఐదుగురు క్షణంలో పట్టుకొన్నంత మాత్రాన వరంగల్లు రైతు పట్టుకొంటాడని చెప్పలేము. భిన్నమైన వర్గాలున్నచోట ఒక్కొక్క వర్గం నుంచి కొందరిని వేరుగా పిలవవలసిందే.

అసలు పరీక్షకు ముందు ఒకరితో నమూనా పరీక్ష జరిపితే కృత్యాలలోని అస్పష్టతలు తొలగుతాయి. దీనిని వదిలివేసేవారు మొదటి ఇద్దరి సమయాన్ని వృథా చేస్తారు.

పరీక్షనాడు పాల్గొనేవారికి మొట్టమొదట చెప్పవలసిన మాట, "మేము పరీక్షిస్తున్నది మిమ్మల్ని కాదు, ఈ వెబ్‌సైటును" అన్నదే. తరువాత కృత్యాన్ని బిగ్గరగా చదవమని, పని చేస్తూ తమకు తోచినది తోచినట్లు పైకి చెప్పమని కోరతారు. ఈ పద్ధతికి మనస్తత్వ శాస్త్రంలో పునాది ఉంది. మనిషి పని చేస్తూ చెప్పే మాటలను శాస్త్రీయమైన ఆధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చో ఎరిక్‌సన్, హెర్బర్ట్ సైమన్ 1980లో ప్రకటించిన వ్యాసంలో చర్చించారు. 1982లో ఐబీఎంలో పనిచేస్తున్న క్లేటన్ లూయిస్ దీనిని కంప్యూటరు తెరల పరిశీలనకు అన్వయించారు. "ఉపకారవేతనం డబ్బు విషయం కదా, అకౌంట్స్‌లో ఉంటుందేమో" అని ఒక విద్యార్థి గొణిగిన ఒక్క మాట, ఆ విద్యార్థి ఎన్ని పేజీలు తెరిచాడన్న అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

పరిశీలకుడికి కష్టమైన పని నోరు మూసుకొని కూర్చోవడం. ఎదుటివాడు సరైన లింకు పక్కనుంచి పోతుంటే వేలు పెట్టి చూపాలనిపిస్తుంది; ఉపాధ్యాయులకైతే ఆ కోరికను అణచుకోవడం మరీ కష్టం. అతడు "ఇదేనా అండీ?" అని అడిగితే, "నేను పక్కన లేకపోతే మీరేం చేసేవారు?" అని మాత్రమే అనాలి. అలాగని బాధపెట్టకూడదు. నిర్ణయించిన సమయం దాటితే కృత్యాన్ని ఆపి, లోపం వెబ్‌సైటుదేనని చెప్పి, తరువాతిదానికి వెళ్ళాలి.

నమోదు చేయవలసినవాటిలో మొదటి క్లిక్ ముఖ్యమైనది. బాబ్ బెయిలీ, కారీ వుల్ఫ్‌సన్ 2009లో ప్రకటించిన పరిశీలనలో మొదటి క్లిక్ సరైనదైనవారిలో 87 శాతం కృత్యాన్ని నెరవేర్చారు. తప్పినవారిలో 46 శాతమే నెరవేర్చారు. దారి తప్పడాన్ని కొలవడానికి 1996లో స్మిత్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. ఒక పని మూడు పేజీలలో ముగియవలసి ఉండగా పాల్గొన్నవాడు మొత్తం పదిసార్లు పేజీలు తెరిచాడనుకొందాం. తెరిచినవాటినే మళ్ళీ తెరవగా వేర్వేరు పేజీలు ఆరే. ఆరును పదితో భాగిస్తే 0.6, ఒకటికి తేడా 0.4, దాని వర్గం 0.16. మూడును ఆరుతో భాగిస్తే 0.5, ఒకటికి తేడా 0.5, దాని వర్గం 0.25. రెండూ కూడితే 0.41; వర్గమూలం సుమారు 0.64. ఈ విలువ 0.4 కంటే తక్కువైతే దారి తప్పనట్లు, 0.5 దాటితే తప్పినట్లు స్మిత్ గుర్తించారు. మన విద్యార్థిని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2001లో హైదరాబాదులో మొదలైన ఈ-సేవ కేంద్రాలలోను, 2011లో మొదలైన మీ-సేవ కేంద్రాలలోను తెరకు, పౌరుడికి మధ్య శిక్షణ పొందిన ఒక ఉద్యోగి కూర్చొనేవాడు. వెబ్‌సైటు ఎంత చిక్కుగా ఉన్నా ఆ చిక్కును అతడు రోజూ విప్పి అలవాటుపడినవాడు. పౌరుడు తన మాటలో అడిగితే అతడు తెర మాటలోకి మార్చేవాడు. సెల్‌ఫోన్ వచ్చాక ఆ మధ్యవర్తి లేకుండానే ఎన్నో సేవలు నేరుగా పౌరుడి చేతిలోకి వచ్చాయి. ఉద్యోగి చేసిన అనువాదాన్ని ఇప్పుడు లింకుల పేర్లు చేయాలి. వాటిని పరీక్షించడానికి వెబ్‌సైటు పూర్తయ్యే వరకు ఆగనక్కరలేదు. మెనూలోని పేర్లను కాగితపు అట్టలపై రాసి, మొదటి అట్టలో ఒక పేరును ఎంచుకొంటే దాని కింది పేర్లున్న అట్టను చూపుతూ, అవే కృత్యాలు ఇవ్వవచ్చు. కంప్యూటరు లేని గదిలో కూడా ఈ పరీక్ష జరుగుతుంది. పేరు మార్చడానికి ఒక కొత్త అట్ట చాలు. దిద్దిన తరువాత కృత్యాలను మార్చకుండా, మనుషులను మాత్రం మార్చి మళ్ళీ పరీక్షించాలి. మొదటిసారి వచ్చినవారికి దారి ఎలాగూ తెలిసిపోయి ఉంటుంది.